లెక్క తప్పితే మందూ తప్పుతుంది

ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళిన గర్భిణికి నర్సమ్మ రక్తం తీస్తుంది. రక్తం తక్కువగా ఉందా, ఏ గ్రూపు, సిఫిలిస్ ఉందా, హెచ్‌.ఐ.వి. ఉందా అని పరీక్షిస్తారు. పరీక్ష అయ్యాక రిజిస్టరులో ఒక వరుస నిండుతుంది. ఆమె చీటీ తీసుకుని ఇంటికి వస్తుంది. ఆ వరుస మాత్రం అక్కడ ఆగదు. అందులోని అంకె ఊరి నుంచి జిల్లాకు, జిల్లా నుంచి రాష్ట్రానికి, అక్కడి నుంచి ఢిల్లీకి పోతుంది. అదే దారిన మాత్రలు, పరీక్ష కిట్లు, సలహాలు చెప్పే సిబ్బంది తిరిగి మన ఊరికి రావాలి. పోయిన అంకె తప్పయితే వచ్చేదీ తప్పవుతుంది.

"అదంతా గవర్నమెంటు లెక్క. మా ఇంటికి దానితో ఏం పని?" అని మీరు అడగవచ్చు. పని ఉంది. ఎందుకు ఉందో, ఆ లెక్కలో మీ వంతు ఏమిటో, అందులో మీ గుట్టు ఎంతవరకు భద్రమో ఈ వారం తెలుసుకుందాం.

అంతకుముందు ఒక మాట గుర్తు చేసుకోవడం మంచిది. హెచ్‌.ఐ.వి. నాలుగు దారుల్లో వస్తుంది: వ్యాధి ఉన్నవారితో రక్షణ లేని లైంగిక సంబంధం, కలుషితమైన రక్తం, ఒకరికి వాడిన సూది మరొకరికి వాడడం, తల్లి నుంచి బిడ్డకు. ఒకే కంచంలో తిన్నా, ఒకే పక్క మీద పడుకున్నా, బిడ్డను ఎత్తుకున్నా, దోమ కుట్టినా రాదు. ఈ సంగతి తెలిసి కూడా భయపడేవారు చాలామంది ఉన్నారు. ఆ భయమే లెక్కలను ఎలా పాడు చేస్తుందో ముందు ముందు చూస్తారు.

మామిడికాయల లోడు

చిత్తూరు నుంచి పలమనేరు పోయే దారిలో ఉన్న బంగారుపాళ్యం మామిడి మార్కెట్టు మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. సీజనులో తోతాపురి కాయలతో లారీలు, ట్రాక్టర్లు బారులు తీరుతాయి. ఒక లోడులో సరుకు ఎలా ఉందో తెలియాలంటే ప్రతి కాయనూ కోసి చూడనక్కర లేదు. పైనుంచి కొన్ని, మధ్యలోంచి కొన్ని, అడుగునుంచి కొన్ని తీసి చూస్తే చాలు. పైన పేర్చిన మంచి కాయలు మాత్రమే చూసి ధర కడితే కొన్నవాడు మునుగుతాడు. అడుగున నలిగిన కాయలు మాత్రమే చూసి ధర కడితే రైతు మునుగుతాడు.

దేశంలో హెచ్‌.ఐ.వి. ఎంత ఉందో తెలుసుకోవడమూ ఇలాంటిదే. కోట్ల మందికి పరీక్ష చేయడం కుదిరే పని కాదు. అందుకని కొందరిని చూసి అందరి సంగతి అంచనా వేస్తారు. ఆ కొందరు ఎవరు, ఎక్కడివారు అన్నదే అసలు చిక్కు.

మన దేశంలో 1998 నుంచి ఇందుకోసం గర్భిణుల రక్తాన్ని ఎంచుకున్నారు. కారణం సులువుగానే అర్థమవుతుంది. వారు ఎలాగూ ఆస్పత్రికి వస్తారు, ఎలాగూ రక్తం ఇస్తారు. పైగా వారు మామూలు సంసారాలు చేసుకునేవారు. ఎంచుకున్న ఒక్కొక్క ఆస్పత్రిలో మూడు నెలల పాటు, వచ్చినవారిని వచ్చిన వరుసలోనే, ఏరుకోకుండా, 400 మంది వరకు తీసుకుంటారు. ఇతర పరీక్షలకు తీసిన రక్తంలో కొంత భాగాన్ని పేరు తీసివేసి, ఒక నంబరు మాత్రం వేసి, ప్రయోగశాలకు పంపుతారు. వయసు, చదువు, వృత్తి, ఊరా పట్నమా అన్న వివరాలు ఉంటాయి గాని ఆమె ఎవరో ఎవరికీ తెలియదు. తెలుసుకుందామన్నా వీలు లేదు. దీన్నే నిఘా సర్వే అంటారు.

వేలూరు నుంచి గుంటూరు దాకా

మన దేశంలో ఈ వ్యాధి మొదటిసారి బయటపడిన చోటు చిత్తూరు జిల్లావారికి పొరుగూరే. 1986లో మద్రాసు మెడికల్ కాలేజీలో పనిచేసే డాక్టర్ సునీతి సాలమన్, ఆమె వద్ద చదువుతున్న డాక్టర్ సెల్లప్పన్ నిర్మల కలిసి మద్రాసులో కొందరు స్త్రీల నుంచి రక్తం సేకరించారు. దాన్ని వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పరీక్షించారు. ఆరుగురి రక్తంలో హెచ్‌.ఐ.వి. జాడ కనిపించింది. అమెరికాలో మళ్ళీ పరీక్ష చేయించి ఖాయం చేసుకున్నారు. అంతవరకు "ఇది పాశ్చాత్య దేశాల జబ్బు, మన దేశానికి రాదు" అన్న ధీమా చాలామందిలో ఉండేది. వెతికి చూసినందువల్లనే ఉందని తెలిసింది. వెతకనంత కాలం లేనట్టే అనుకున్నాం.

1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ఏర్పడింది. దాన్ని 'నాకో' అంటారు. 1998లో ఆంధ్రప్రదేశ్‌కు రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ఏర్పడింది. నిఘా సర్వేలు మొదలైనప్పుడు దేశం మొత్తం మీద రక్తం సేకరించే కేంద్రాలు రెండు వందలైనా లేవు. 2006 నాటికి అవి వెయ్యి దాటాయి. అప్పటి అంచనాల్లో ఆంధ్రప్రదేశ్ పేరు ఎప్పుడూ ముందు వరుసలో ఉండేది.

అయితే పెద్ద ప్రభుత్వ ఆస్పత్రికి వచ్చేవారు ఊరందరికీ ప్రతినిధులేనా? హైదరాబాదులోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ పరిశోధకులు ఈ అనుమానంతో గుంటూరు జిల్లాలో వేరే పద్ధతి చేసి చూశారు. ఆస్పత్రిలో కూర్చోకుండా ఊళ్ళకు, పేటలకు వెళ్ళి, 15 నుంచి 49 ఏళ్ళ వయసున్న పన్నెండు వేల మందికి పైగా స్త్రీపురుషులకు రక్తపరీక్ష చేశారు. 2006లో ఫలితాలు ప్రకటించారు. ఆస్పత్రుల నిఘా పద్ధతి ప్రకారం లెక్క కడితే ఆ జిల్లాలో హెచ్‌.ఐ.వి. ఉన్నవారు లక్షా పన్నెండు వేల మందికి పైగా తేలారు. ఇల్లిల్లూ తిరిగి కట్టిన లెక్కలో వారు సుమారు 46 వేలు. అంటే రెండున్నర రెట్లు తేడా!

ఎందుకింత తేడా వచ్చింది? హెచ్‌.ఐ.వి. ఉందని తెలిసినవారిని, అనుమానం ఉన్నవారిని ప్రైవేటు వైద్యులు పెద్ద ప్రభుత్వ ఆస్పత్రికి పంపించేవారు. పేదవారు ఎలాగూ అక్కడికే వచ్చేవారు. నలిగిన కాయలన్నీ ఒక గంపలో చేరాక, ఆ గంప చూసి లారీ మొత్తానికి లెక్క కట్టినట్టయింది.

దేశం మొత్తానికీ ఇదే అనుభవం ఎదురైంది. 2005–06లో జరిగిన మూడవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మొదటిసారిగా లక్ష మందికి పైగా స్త్రీపురుషులకు హెచ్‌.ఐ.వి. పరీక్ష చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ళవారిలో నూటికి 0.97 మందికి, అంటే సుమారు నూటికి ఒకరికి ఉన్నట్టు తేలింది. ఈ వివరాలను, పెంచిన నిఘా కేంద్రాల వివరాలను కలిపి మళ్ళీ లెక్క కట్టగా, అంతకుముందు దేశంలో 52 లక్షలు అనుకున్న బాధితుల సంఖ్య 2007 జూలైలో సుమారు 25 లక్షలకు దిగింది.

అప్పుడు కొందరు "రోగం సగానికి సగం తగ్గిపోయింది" అని సంబరపడ్డారు. కొందరు "ఇన్నాళ్ళూ అబద్ధం చెప్పారు" అని కోప్పడ్డారు. రెండూ పొరపాటే. ఒక్క ఏడాదిలో పాతిక లక్షల మంది మాయం కాలేదు. త్రాసు మారింది. కొత్త త్రాసుతో పాత సంవత్సరాలను తూచినా ఆ అంకెలూ తగ్గాయి. జబ్బు పెరిగిందా, తగ్గిందా అని చెప్పాలంటే నిన్ననూ నేడునూ ఒకే త్రాసులో తూచాలి.

పత్రికల్లో వచ్చే అంకెలు చదివేటప్పుడు మీరూ ఈ జాగ్రత్త తీసుకోండి. 2005–06 నాటి 0.97 ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ది. 2021 అంచనాల్లో ఆంధ్రప్రదేశ్‌కు నూటికి 0.67, తెలంగాణకు 0.47 అని ఉంది. 2014లో రాష్ట్రం విడిపోయింది గనుక వీటిని పక్కపక్కన పెట్టి తీసివేత చేయడం కుదరదు. అలాగే 2022 ఏప్రిల్‌లో పాత చిత్తూరు జిల్లా నుంచి తిరుపతి వేరే జిల్లా అయింది. మదనపల్లె వైపు ప్రాంతం అన్నమయ్య జిల్లాలో కలిసింది. "చిత్తూరు జిల్లాలో కేసులు బాగా తగ్గాయి" అని ఎవరైనా పాత కొత్త అంకెలు చూపిస్తే, ఏ చిత్తూరు అని అడగండి.

పర్యవేక్షణ వేరు, మూల్యాంకనం వేరు

ఆరోగ్య శాఖ కాగితాల్లో ఈ రెండు మాటలూ జంటగా కనిపిస్తాయి. ఇంటి భాషలో చెప్పాలంటే ఇలా ఉంటుంది. పిల్లవాడు రోజూ బడికి పోతున్నాడా, ఫీజు కట్టామా, పుస్తకాలున్నాయా అని చూసుకోవడం పర్యవేక్షణ. ఏడాది చివర వాడికి చదువు వచ్చిందా అని చూడడం మూల్యాంకనం. బడికి రోజూ పోయినవాడికి చదువు రాకపోవచ్చు గదా! అందుకని రెండూ కావాలి.

హెచ్‌.ఐ.వి. విషయంలో పర్యవేక్షణ అంటే ఈ నెలలో ఎందరికి పరీక్ష చేశారు, ఉందని తేలినవారిలో ఎందరు చికిత్స కేంద్రానికి చేరారు, ఎందరు మందు తీసుకోవడానికి రాలేదు, గిడ్డంగిలో ఎన్ని రోజులకు సరిపడా మాత్రలున్నాయి అన్నవి. పూర్వం ఇవన్నీ కాగితాల మీద నడిచేవి. క్రమంగా కంప్యూటరు పద్ధతి దేశమంతటా వచ్చింది. తరువాతి కాలంలో ఒక్కొక్క వ్యక్తి చికిత్సను మొదటి నుంచి చివరి దాకా అనుసరించే పద్ధతి ప్రవేశపెట్టారు. ఇంతమంది అని తల లెక్క మాత్రమే ఉంటే తప్పిపోయిన మనిషి ఎవరో తెలియదు. కేంద్రంలో ఈ నెల పదిమంది మానేసి, పదిమంది కొత్తగా చేరితే మొత్తం అంకె మారదు. పైకి అంతా సవ్యంగానే కనిపిస్తుంది. మానేసిన ఆ పదిమంది మాత్రం జబ్బు ముదిరి మంచాన పడతారు.

మూల్యాంకనం అంటే ఇంత ఖర్చు పెట్టినందుకు కొత్తగా జబ్బు పడేవారు తగ్గారా అని చూడడం. దీనికి ఒక ఉపాయం ఉంది. వయసు మళ్ళినవారిలో హెచ్‌.ఐ.వి. ఉంటే అది ఎప్పుడో వచ్చినది కావచ్చు. 15–24 ఏళ్ళ అమ్మాయిలో ఉంటే అది చాలావరకు ఈ మధ్య వచ్చినదే. అందువల్ల చిన్నవయసు గర్భిణుల అంకెను ప్రత్యేకంగా చూస్తారు. 2006లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం ఆంధ్రప్రదేశ్, తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్రలలో ఆ వయసు స్త్రీలలో హెచ్‌.ఐ.వి. 2000లో నూటికి 1.7 ఉండగా 2004 నాటికి 1.1కి తగ్గింది. ఇక్కడ రెండు కొసలా ఒకే త్రాసు వాడారు. అందుకే ఆ తగ్గుదలకు విలువ ఉంది.

ఈ అవసరం మన దేశానికి మాత్రమే పరిమితం కాదు. 2004లో ఐక్యరాజ్యసమితి ఎయిడ్స్ విభాగం అన్ని దేశాలకూ ఒక సూత్రం చెప్పింది: దేశానికి ఒకే కార్యక్రమం, దాన్ని నడిపించే ఒకే సంస్థ, ఒకే లెక్కల పద్ధతి. డబ్బిచ్చే ప్రతివాడూ తన రిజిస్టరు తాను పెడితే నర్సమ్మకు రోగిని చూసే తీరిక ఎక్కడుంటుంది?

వందలో ఎందరు మిగిలారు?

ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్న కొలమానం ఒకటి ఉంది. మూడు 95లు అంటారు. హెచ్‌.ఐ.వి. ఉన్న ప్రతి వందమందిలో 95 మందికి తమకు ఉందని తెలియాలి. తెలిసినవారిలో నూటికి 95 మంది మందులు వాడుతుండాలి. వాడేవారిలో నూటికి 95 మందికి రక్తంలో వైరస్ అణగి ఉండాలి. కాగితం తీసుకుని గుణించి చూడండి. మూడు మెట్లూ ఎక్కాక వందలో సుమారు 86 మంది క్షేమంగా ఉంటారు.

మన దేశం 2023–24 నాటికి చేరిన చోటు సుమారుగా 81, 88, 97. ఇదీ గుణించండి. వందలో 69 మంది తేలుతారు. మూడో మెట్టు మీద మనం లక్ష్యం దాటాం. అంటే మందు వాడేవారికి మందు చక్కగా పనిచేస్తోంది. పెద్ద చిల్లు మొదటి మెట్టు దగ్గరే ఉంది. వందలో పందొమ్మిది మందికి తమలో హెచ్‌.ఐ.వి. ఉన్న సంగతే తెలియదు. వారు పరీక్షకు రాలేదు. రాకపోవడానికి చాలాసార్లు కారణం నలుగురికీ తెలుస్తుందన్న భయమే.

మంచి లెక్కల ప్రయోజనం ఇదే. ఎక్కడ చిల్లు ఉందో చూపిస్తాయి. ఆ చిల్లు పూడ్చడం తరువాతి పని.

పుట్టింటి ప్రయాణంలో తప్పిపోయే బిడ్డ

మన ఇళ్ళలో ఒక ఆచారం ఉంది. మొదటి కాన్పు పుట్టింట్లోనే జరగాలి. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో అమ్మాయిని తీసుకుపోతారు. చక్కని ఆచారమే. అమ్మ దగ్గర ఉన్న ధైర్యం వేరు. అయితే లెక్కలు రాసేవారికి ఇది పెద్ద పరీక్ష.

ఒక ఉదాహరణ తీసుకుందాం. బంగారుపాళ్యం దగ్గరి ఊరి కోడలికి నాలుగో నెలలో పరీక్ష చేస్తే హెచ్‌.ఐ.వి. ఉందని తేలింది. సలహాదారు విడిగా కూర్చోబెట్టి ధైర్యం చెప్పింది. చికిత్స కేంద్రంలో పేరు నమోదయింది, మాత్రలు మొదలయ్యాయి. భర్తకూ పరీక్ష చేశారు. అంతా సవ్యంగా ఉంది. ఎనిమిదో నెలలో ఆమె పుట్టింటికి వెళ్ళింది. పుట్టిల్లు కర్ణాటకలో ముళబాగిలు వైపో, తమిళనాడులో గుడియాత్తం వైపో అయితే రాష్ట్రమే మారిపోయింది. భాష మారింది, ఆస్పత్రి మారింది. అక్కడ కాన్పు చేసే నర్సుకు ఈమె సంగతి తెలియదు. ఈమె సిగ్గుపడి చెప్పలేదు. తల్లికి తెలిస్తే కుమిలిపోతుందని మాత్రల సీసా పెట్టె అడుగున దాచి, నాలుగు రోజులు వేసుకుని, రెండు రోజులు మానేసింది.

ఇక్కడి రిజిస్టరులో ఆమె వరుస "రాలేదు" అని ఆగిపోయింది. అక్కడి రిజిస్టరులో ఆమె వరుస అసలు మొదలే కాలేదు. ఈ రెండు రిజిస్టర్ల మధ్య సందులో ఒక బిడ్డ పుట్టింది.

ఆ బిడ్డకు ఏం జరగాలో చూడండి. ఏ చికిత్సా లేకపోతే తల్లి నుంచి బిడ్డకు హెచ్‌.ఐ.వి. సోకే ప్రమాదం వందకు 15 నుంచి 45 వరకు ఉంటుంది. తల్లి గర్భంతో ఉన్నప్పటి నుంచీ మాత్రలు క్రమంగా వాడి, బిడ్డకు పుట్టిన వెంటనే మందు మొదలుపెడితే అది అయిదు లోపునకు దిగుతుంది. బిడ్డకు ఆ మందు కనీసం ఆరు వారాలు ఇవ్వాలి. ఆరు వారాల వయసులో మడమ నుంచి రక్తపు చుక్క తీసి ప్రత్యేక పరీక్షకు పంపాలి. తల్లి రక్తంలోని ప్రతిరక్షకాలు బిడ్డలో ఏడాదిన్నర వరకు ఉండవచ్చు గనుక పెద్దలకు చేసే మామూలు పరీక్ష అప్పుడు పనికిరాదు. ఆరు నెలలకు, ఏడాదికి మళ్ళీ చూడాలి. పద్దెనిమిది నెలలకు చివరి పరీక్ష చేసి ఖాయంగా చెబుతారు. పుట్టింటి నుంచి అత్తింటికి తిరిగి వచ్చే మూడో నెలకో అయిదో నెలకో ఈ తొలి మెట్లు దాటిపోయి ఉంటాయి.

ఈ తప్పు ఎవరిది? నర్సమ్మది అనలేం, ఆ పిల్లది అంతకన్నా అనలేం. రెండు కేంద్రాల మధ్య ఉత్తరం నడవాలి. అందుకే చికిత్స కేంద్రంలో వేరే ఊరికి మార్పు చేసి పంపే ఏర్పాటు ఉంది. ఆమె వెళ్ళేముందు ఒక్క మాట చెబితే ఏ ఊళ్ళో ఏ కేంద్రానికి వెళ్ళాలో రాసి ఇస్తారు, సరిపడా మాత్రలు ఇస్తారు, అక్కడివారికి కబురు పెడతారు. ఆ ఒక్క మాట చెప్పించడానికి ఎంత మంచి కంప్యూటరు పెట్టినా చాలదు. ఆమెకు నమ్మకం ఉండాలి. బెంగళూరులోనో చెన్నైలోనో పనికి పోయే మగవారికీ, లారీల మీద తిరిగేవారికీ ఇదే మాట వర్తిస్తుంది.

గుట్టు ఎక్కడ దాకా?

"పేరు రాయించుకుంటే ఊరంతా తెలిసిపోతుంది" అన్న భయం ఉట్టిది అని కొట్టిపారేయలేం. పూర్వం కొన్నిచోట్ల కేసు షీటు మీద అందరికీ కనిపించేలా ఎర్ర సిరాతో రాసిన సందర్భాలు, పనివాళ్ళ ద్వారా సంగతి బయటికి పొక్కిన సందర్భాలు ఉన్నాయి. ఆ బాధ పడినవారు దూరపు ఊరికి పోయి, మారు పేరుతో పరీక్ష చేయించుకున్నారు. ఒకరే మూడు ఊళ్ళలో మూడు పేర్లతో నమోదయితే లెక్కలో ముగ్గురవుతారు. ఎక్కడా మందు తీసుకోకపోతే ముగ్గురు తప్పిపోయినట్టు అవుతుంది. గుట్టు కాపాడని చోట లెక్క కూడా నిలబడదు.

ఈ విషయంలో ఇప్పుడు చట్టం మీ పక్షాన ఉంది. 2017లో పార్లమెంటు హెచ్‌.ఐ.వి., ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం చేసింది. అది 2018 సెప్టెంబరు నుంచి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం మీకు తెలియజెప్పి, మీ సమ్మతి తీసుకున్న తరువాతే పరీక్ష చేయాలి. చట్టం చెప్పిన కొన్ని ప్రత్యేక సందర్భాల్లో తప్ప మీ అనుమతి లేకుండా మీ ఫలితం మరొకరికి చెప్పకూడదు. ఈ వివరాలున్న రికార్డులను భద్రపరచవలసిన బాధ్యత ఆ కార్యాలయానిదే. వ్యాధి ఉందన్న కారణంగా ఉద్యోగం నుంచి తీసివేయడం, బడిలో పిల్లవాణ్ణి చేర్చుకోకపోవడం, వైద్యం నిరాకరించడం ఈ చట్టం నిషేధించిన వివక్ష కిందికి వస్తాయి. ఫిర్యాదులు వినడానికి రాష్ట్రంలో ఒక అధికారి ఉండాలని కూడా చట్టంలో ఉంది.

ఒక్క తేడా గుర్తుంచుకోండి. ముందు చెప్పిన నిఘా సర్వేలో మీ పేరు ఉండదు. అది దేశం కోసం. మీ సొంత పరీక్షలోను, చికిత్సలోను మీ పేరు ఉంటుంది. అది మీ కోసం. పేరు లేకపోతే తప్పిపోయినప్పుడు మిమ్మల్ని వెతికేదెవరు? పై కార్యాలయాలకు పంపే నెలవారీ నివేదికల్లో అంకెలే ఉంటాయి.

తరచు వచ్చే సందేహాలు

ప్రైవేటు లాబులో ఉందని చెప్పారు. అది నమ్మవచ్చా?

ఒక్క పరీక్షతో నిర్ణయానికి రాకండి, కుంగిపోకండి. ప్రభుత్వ సలహా, పరీక్ష కేంద్రానికి వెళ్ళండి. అక్కడ మూడు వేరు వేరు కిట్లతో చూసి, మూడూ ఒకే మాట చెబితేనే ఉందంటారు. పరీక్ష ఉచితం. అక్కడ నమోదయితేనే ఉచిత చికిత్సకు దారి.

లేదని వచ్చింది. ఇక నిశ్చింతేనా?

వైరస్ ఒంట్లో చేరిన కొత్తలో పరీక్షకు దొరకకపోవచ్చు. అనుమానం ఉన్న సంఘటన జరిగి మూడు నెలలు కాకపోతే, ఆ గడువు దాటాక మళ్ళీ చేయించుకోవాలి.

ఒంట్లో బాగానే ఉంది. మాత్రలెందుకు?

2004 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో ఉచిత మందులు మొదలైనప్పుడు రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారికే ఇచ్చేవారు. 2017 నుంచి ఆ షరతు లేదు. ఉందని తేలిన ప్రతివారికీ వెంటనే మొదలుపెడతారు. మాత్రలు మానకుండా వాడి రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా అణిగినవారి నుంచి లైంగికంగా మరొకరికి సోకదు. అది అణిగిందా లేదా అన్నది వైరల్ లోడ్ పరీక్ష చెబుతుంది. దాన్ని చేయించుకోమని పిలిచినప్పుడు తప్పక వెళ్ళండి.

మీరు చేయవలసినవి

1. ఇంట్లో గర్భిణి ఉంటే మొదటి మూడు నెలల్లోనే ఆరోగ్య కేంద్రంలో పేరు రాయించండి. హెచ్‌.ఐ.వి. పరీక్ష అయిందా అని అడగండి. భర్త కూడా చేయించుకోవడం మంచిది.

2. అత్తగార్లకు, తల్లులకు ఒక మనవి. ఫలితం ఏమిటని అమ్మాయిని గుచ్చి గుచ్చి అడగకండి. మందు వేసుకుంటుంటే ఎందుకని నిలదీయకండి. వేళకు తిన్నదా, మందు వేసుకున్నదా అని మాత్రం చూడండి.

3. చికిత్స కేంద్రంలో ఇచ్చే పుస్తకాన్ని రేషను కార్డు దాచినంత భద్రంగా దాచండి. ఎక్కడికి వెళ్ళినా వెంట ఉంచుకోండి. అందులోని నంబరు వేరేచోట రాసి పెట్టుకోండి.

4. పుట్టింటికి గాని, పని మీద వేరే ఊరికి గాని వెళుతున్నట్టయితే ముందుగా కేంద్రంలో చెప్పండి. మాత్రలు అయిపోయాక చెప్పి ప్రయోజనం లేదు.

5. ఫోను నంబరు మారితే తెలియజేయండి. ఇంటికి ఎవరూ రాకూడదనుకుంటే ఆ మాట సూటిగా చెప్పండి. ఏ వేళ ఫోను చేయాలో, ఏ పేరుతో పలకరించాలో కూడా చెప్పవచ్చు.

6. బిడ్డ పరీక్షల తేదీలను టీకాల తేదీలతో పాటు క్యాలెండరు మీద గుర్తు పెట్టుకోండి. చివరిది పద్దెనిమిది నెలలకు.

7. మందుల కొరత ఉందన్నా, మర్యాద తప్పి మాట్లాడినా ఊరుకోకండి. 1097 నంబరుకు ఫోను చేయవచ్చు. ఖర్చు లేదు. పేరు చెప్పకుండానే సలహా అడగవచ్చు.

ఆశా కార్యకర్త మీ గుమ్మం ముందు నిలబడి పుస్తకం తెరిచినప్పుడు, "మళ్ళీ వచ్చావా తల్లీ" అని విసుక్కోకండి. కాసిని మంచినీళ్ళు ఇచ్చి, అడిగిన వివరం సరిగ్గా చెప్పండి. ఇంట్లో ఎవరైనా కాన్పుకు వేరే ఊరు వెళుతున్నట్టయితే, ఆమె అడగకపోయినా ఆ సంగతి మీరే చెప్పి ఆ ఊరి పేరు రాయించండి.